గుళ్ళు మిగిలిన గుట్ట

మొన్న ముదిగుబ్బ కూడలిలో షేర్ ఆటోలో కూర్చుని ఉండగా పక్కన ఒక లారీ వచ్చి ఆగింది. చెక్కలు అడ్డం కట్టి, పైనా కిందా గొర్రెల్ని కుక్కి సంతకు తీసుకుపోతున్నారు. ఉన్ని, మూత్రం, పెంటికలు, ఎండకు కాగిన ఇనుము, అన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా ఆటోలోకి కొట్టింది. నా పక్కనున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు ఏదో గొణుక్కుంటూ బండిని కొంచెం ముందుకు జరిపాడు. నేను మాత్రం తల బయటికి పెట్టి, లారీ కదిలి మలుపు తిరిగేదాకా అటే చూస్తూ ఉండిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది గొర్రెలు కాదు. సుజ్ఞానమ్మ మేడం. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. ఆమెను ఎరగని వాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఒక గుట్ట దగ్గరికి, ఆ గుట్ట మీద ఆమె ఒప్పుకున్న ఒక నష్టం దగ్గరికి వచ్చి ఆగిపోయేదాన్ని.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం చప్పుడు తప్ప అడవి చప్పుడు తెలియని ఇల్లు మాది. పరీక్ష రాసి ఫారెస్టు బీట్ ఆఫీసరు ఉద్యోగం తెచ్చుకుని కంబదూరు వైపు చేరినప్పుడు, నాకు చండ్ర చెట్టుకూ తుమ్మ చెట్టుకూ తేడా పుస్తకంలో మాత్రమే తెలుసు. అప్పుడు అక్కడ డిప్యూటీ రేంజ్ ఆఫీసరు సుజ్ఞానమ్మ మేడం. పొట్టి మనిషి, నల్లటి మనిషి, నుదుట బొట్టు ఉండదు, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. ఖాకీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉండేవి. వాళ్ళ అమ్మానాన్నలు వేరుశనగ చేలల్లో కూలికి పోయినవాళ్ళు. భర్త అటవీశాఖలో గార్డుగా పనిచేస్తూ జీపు బోల్తా పడి చనిపోతే ఈమెకు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. మొదట్లో అధికారులకు నీళ్ళు అందించేది. పరీక్షలు ఒక్కొక్కటే రాసుకుంటూ, యూనిఫాం వేసుకుని, ఆ కుర్చీ దాకా వచ్చింది. ఈ సంగతులు ఆమె చెప్పినవి కావు. ఆమె తన గురించి చెప్పుకోవడం నేను చాలా తక్కువ విన్నాను.

చేరిన రోజే నన్ను మూడురాళ్ళ గుట్టకు తీసుకుపోయింది. దారిలో ఎదురుగా మంద వచ్చింది. దుమ్ము, వాసన. నేను రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాను. మందను తోలుకొస్తున్న మనిషి నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన దాటిపోయాక మేడం, "రుమాలు జేబులో పెట్టు పాపా," అంది. "ఈ గుట్ట మీద నువ్వు వారానికి రెండు తూర్లు తిరుగుతావేమో. వాళ్ళు దినామూ తిరుగుతారు. నువ్వు ముక్కు మూసుకుంటే వాళ్ళు నోరు మూసుకుంటారు. ఇంక నీకు ఈడ జరిగేది ఎవరు చెప్తారు?" తిట్టినట్టు లేదు. అలాగని నవ్వుతూనూ చెప్పలేదు. ఆ రుమాలు మళ్ళీ బయటికి తీయలేదు నేను.

ఆ గుట్ట గురించి చెప్పాలి. దూరం నుంచి చూస్తే బోడిది. ఎక్కితే ఉత్తరం వాలు మీద ఒక చదును ఉంటుంది. అక్కడ పెద్ద పెద్ద బండలను నాలుగు వైపులా నిలబెట్టి, పైన ఒక బండ కప్పి, పెట్టెల్లాగా కట్టిన పురాతన సమాధులు ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు వాటిని పాండవుల గుళ్ళు అంటారు. ఒక్కో దానికి తూర్పు బండలో గుండ్రటి కంత. ఏ కాలపు మనుషులో, ఇనుము కొత్తగా చూసిన కాలపు మనుషులంటారు, తమ వాళ్ళను అక్కడ పడుకోబెట్టి పోయారు. దక్షిణం వాలు వేరు. అక్కడంతా బోదగడ్డి, తంగేడు, రేగు, బండల సందులో ఒక ఊట. ఎంత కరువొచ్చినా దోసెడు నీళ్ళు ఉండేవి దాంట్లో. అదే మందలకు ఆధారం. మేడం ఆ రోజు ఒక గుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కంతలోకి చెయ్యి పోనిచ్చి, "చూడు, లోపల ఎంత చల్లగా ఉండాదో," అంది. నేనూ చెయ్యి పెట్టాను. బయట బండ కాలిపోతోంది, లోపల బావిలో గాలిలా ఉంది. "వీళ్ళ చుట్టాలు ఎవరో ఎవురికీ తెలీదు. అడగడానికి ఎవురూ రారు. అందుకే మనకు జీతమిచ్చి పెట్టినారు," అంది.

ఆమె రాకముందు ఆ గుట్ట మీద శాఖకూ కాపరులకూ పడేది కాదని తరువాత విన్నాను. మందలు కనిపిస్తే పట్టుకుని జరిమానా వేసేవారు. ఆ కోపానికి వాళ్ళు ఎండాకాలంలో గడ్డికి నిప్పు పెట్టేవారు. నిప్పు దక్షిణం వాలు నుంచి ఎగబాకి ఉత్తరం వాలు దాకా వచ్చి, వేడికి ఆ పాతకాలపు బండలు పొరలు పొరలుగా ఊడిపోయేవి. మేడం వచ్చాక కాపరులందర్నీ ఊట దగ్గర కూర్చోబెట్టి ఒక ఏర్పాటు చేసింది. దక్షిణం వాలును భాగాలు చేసి, వానలు పడ్డాక ఒక్కో ఏడు ఒక్కో భాగం మేతకు వదిలింది. మిగతాది కోలుకోవాలి. ఉత్తరం వాలు జోలికి ఎవరూ పోకూడదు. నిప్పు కనిపిస్తే మాత్రం అందరూ పరిగెత్తాలి. పై అధికారులు దీన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నారు, ఎందుకంటే నిప్పులు ఆగిపోయాయి. కాపరుల్లో పెద్దమనిషి ఓబులేసు. ఆ మొదటి రోజు దారిలో నన్ను చూసి ముఖం తిప్పుకున్నది ఆయనే.

ఒక ఉగాది ముందు, మిట్టమధ్యాహ్నం, ఎవరో పారేసిన బీడీ వల్లో ఏమో, దక్షిణం వాలు అంటుకుంది. మేం వెళ్ళేసరికి ఓబులేసు, ఇంకొందరు కాపరులు పచ్చి మండలు విరిచి మంటను కొడుతున్నారు. మేడం కూడా ఒక మండ తీసుకుని వాళ్ళ వరసలో దూరింది. పొగకు కళ్ళు తెరవలేకపోతున్నాం. గాలి సుడి తిరిగి మంట మా మీదికి వంగింది.

"అక్కా, నువ్వు పక్కకు రా! గాలి తిరుగుతాండాది!" ఓబులేసు అరిచాడు.

"నన్ను ఇడ్సు, నువ్వు ముందు పోయి నీ గొర్రెల్ని దించు!"

"గొర్రెలు పోతే మళ్ళా కొంటా. గడ్డి పోతే యాడ కొనాల?" అని ఆయన తన కంబళిని ఊటలో తడిపి తెచ్చి మంట మీద పరిచి తొక్కాడు. ఆ పూట నిప్పు ఆరాక, మసి ముఖాలతో అందరం ఊట చుట్టూ కూలబడ్డాం. ఎవరో సంగటి ముద్దలు తెచ్చారు. మేడం ఓబులేసు కంబళికి పడిన బొక్కలోంచి వేలు పెట్టి ఆడిస్తూ నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

మరుసటి ఏడు గుప్తనిధుల వాళ్ళు వచ్చారు. గుళ్ళ కింద బంగారం ఉంటుందని నమ్మే మూర్ఖులు గడ్డపారలతో తెల్లవారుజామున గుట్టెక్కి ఒక గుడి పైబండను పగలగొట్టారు. చప్పుడు విని ఓబులేసు కుక్కల్ని ఉసిగొల్పి, కేకలు వేసుకుంటూ ఒక్కడే పైకి పరిగెత్తాడు. వాళ్ళు రాళ్ళు విసిరి పారిపోయారు. ఒక రాయి ఆయన నుదుటికి తగిలింది. కళ్యాణదుర్గం ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే మేడం ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఏమప్పా, ఒక్కనివే ఏంటికి పోయినావు? నాకు ఫోను చేసుంటే రానా?" అంది.

"మా తాత కాలం నుంచి ఆ గుళ్ళ గుట్ట కిందనే మంద పండుకుంటాండాది. నువ్వొచ్చేదాకా తవ్వుకోండని చూస్తా కూచుంటామా అక్కా?" అన్నాడు. తిరిగొచ్చి ఆఫీసు దగ్గర జీపు దిగాక మేడం, "ఆ రాళ్ళను మనం కాపాడతాండామని అనుకుంటాం, చూడు," అని లోపలికి పోయింది.

ఆ తరువాత గాలిమరలు వచ్చాయి. మా వైపు గుట్టలన్నింటి మీదా తెల్లటి రెక్కలు లేస్తున్న కాలం అది. గాలితో కరెంటు, మంచిదే. మూడురాళ్ళ గుట్ట అవతల ఉన్న గుట్ట మీద ఒక కంపెనీ మరలు పెట్టడానికి అనుమతులు తెచ్చుకుంది. ఆ పొడుగాటి రెక్కల్ని పైకి చేర్చాలంటే వెడల్పు రోడ్డు కావాలి. ఆ రోడ్డు మా గుట్ట మీదుగానే పోవాలి. కొలతలు తీసినవాళ్ళు రెండు దారులు గీశారు. దగ్గరి దారి ఉత్తరం వాలు మీదుగా, సరిగ్గా గుళ్ళ మధ్యలోంచి. చుట్టు దారి దక్షిణం వాలు మీదుగా, ఊటను ఆనుకుని. స్థలం చూసిన అధికారిగా మేడం అభిప్రాయం రాసి పైకి పంపాలి. ఆమె రెండూ వద్దని రాసింది. అది తిరిగొచ్చింది. రోడ్డు పడేది ఖాయం, ఏ దారో చెప్పమన్నారు.

ఆ సాయంత్రం ఆఫీసులో మేమిద్దరమే ఉన్నాం. ఫ్యాను తిరగడం లేదు. "మళ్ళీ రెండూ వద్దనే రాయండి మేడం," అన్నాను. నాకప్పుడు అదే నిజాయితీ అనిపించింది.

"రాస్తే నా చేతులకు మట్టి అంటుకోదు. నిజమే," అంది. "దగ్గరి దారి తీసుకుంటారు. పొక్లెయిను గుళ్ళ మీద ఎక్కుతాది. అప్పుడు నేను వద్దంటినని చెప్పుకుంటా తిరగల్ల." కాగితాన్ని తన ముందుకు లాక్కుంది. "ఆ రాళ్ళు మళ్ళా పుట్టవు పద్మా. గడ్డికైతే... వాళ్ళకు ఇంకో గుట్ట చూపిస్తా. యాడో ఒకచోట చూపిస్తా." ఆ మాట నాతో అంటున్నట్టు లేదు. నువ్వైతే ఏం చేస్తావు అని అడిగింది. నేను లేచి ఫ్యాను స్విచ్చి మళ్ళీ వేసి చూశాను. ఆమె చుట్టు దారి రాసి సంతకం పెట్టింది. పెట్టాక కలం మూత పెట్టడం మరిచి చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే గుట్టకు పోదామంది. కాపరులకు చెప్పాలట. నేను ఆపబోయాను. "మనమెందుకు చెప్పాలి మేడం? పైనుంచి వచ్చిన ఉత్తర్వు. మిషన్లు వచ్చినప్పుడు వాళ్ళకే తెలుస్తుంది కదా."

"మిషను నోటితో చెప్పిస్తామా?" అంది. అంతే.

ఓబులేసు ఊట దగ్గర ఒక గొర్రెపిల్ల గిట్టలో ముల్లు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి, "రాక్కా," అని బండ మీద దుమ్ము తుడిచాడు. మేడం కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రోడ్డు ఇటు నుంచి పోతుందని, ఊట పక్కనే బండలు పేలుస్తారని, మేత భూమిలో సగం పైగా పోతుందని. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించి చెప్పలేదు. ఇంకో గుట్ట కోసం అడుగుతున్నానని కూడా చెప్పింది. ఓబులేసు ముల్లు తీయడం పూర్తి చేసి, పిల్లను వదిలి, లేచి నిలబడ్డాడు.

"గుళ్ళ పక్క నుంచి పోదా రోడ్డు?"

"పోదు."

"ఎవురు రాసినారు ఇట్ల పోవాలని?"

"నేనే రాసినా."

ఆయన తల ఊపాడు. చుట్టూ ఇంకా నలుగురైదుగురు చేరారు. ఒకడు బూతు మాట అన్నాడు. ఓబులేసు వాడిని ఆపి, చాలా నెమ్మదిగా అడిగాడు. "మాకు ఒక మాట చెప్పకుండానా?"

"చెప్పడానికే వచ్చినా ఓబులేసూ."

"రాసినాక." ఆయన నుదుటి మచ్చ మీద చెయ్యి వేసుకోలేదు. ఆ గుళ్ళ కోసం తల పగలగొట్టుకున్నానని గుర్తు చేయలేదు. చేసి ఉంటే బాగుండేదని తరువాత ఒకసారి మేడం అంది. "ముందు రోజు వచ్చింటే మేము ఏడ్చేవాళ్ళం, తిట్టేవాళ్ళం. ఆఖరికి గుళ్ళే ఉంచమని మేమే చెప్పేవాళ్ళమేమో. నువ్వు అడగలేదు," అని మాత్రం అన్నాడు. మంద వైపు నడిచిపోయాడు. మేడం అక్కడే నిలబడింది. మిగతావాళ్ళు అనాల్సినవన్నీ అన్నారు. రాళ్ళ మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదన్నారు, కంపెనీ దగ్గర దుడ్లు తిన్నావన్నారు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. నేనే తట్టుకోలేక జీపు దగ్గరికి వచ్చేశాను. ఆమె వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది.

రోడ్డు పడింది. బండలు పేల్చినప్పుడు ఊట ఎటు పోయిందో పోయింది. ఆ ఎండాకాలానికి దాని అడుగున తడి కూడా లేదు. మేడం ఇంకో గుట్ట కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కినా, ఖాళీగా ఉన్న గుట్ట అంటూ ఏదీ లేదు. ఉన్న ప్రతి గుట్ట మీదా అప్పటికే ఎవరి మందలో ఉన్నాయి. వాళ్ళ నోటి ముందు గడ్డి తీసి వీళ్ళకు పెట్టలేకపోయింది. ఓబులేసు మందను అమ్మేసి బెంగుళూరు పోయాడు. మేడం ఉద్యోగ విరమణ రోజు ఆఫీసులో దండలు వేశారు, శాలువా కప్పారు. ఒక అధికారి ఆమె పురాతన సంపదను కాపాడిందని మెచ్చుకుంటూ మాట్లాడాడు. ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది.

ఆ తరువాత కళ్యాణదుర్గంలో చర్చి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ముఖం ఉబ్బి, చేతులు సన్నబడి, యూనిఫాంలో చూసిన మనిషేనా అనిపించేది. నేను ఆదివారాల్లో వెళ్ళేదాన్ని. ఒకసారి, "ఊట ఎట్లుండాది?" అని అడిగింది. నేను ఆమె దుప్పటి సర్దబోయాను. "అబద్ధం చెప్పొద్దు పాపా," అంది. ఎండిపోయిందనే చెప్పాను. వానలు బాగా పడ్డా రాలేదా అని అడిగింది. రాలేదన్నాను. అప్పుడు, "ఓబులేసును చూసొచ్చినా," అంది.

నేను నమ్మలేకపోయాను. ఆ ఒంటితో, ఎవరికీ చెప్పకుండా, బస్సెక్కి బెంగుళూరు పోయింది. ఆయన కట్టుబడి జరుగుతున్న ఏదో పెద్ద బిల్డింగుకు వాచ్‌మన్‌గా ఉన్నాడని ఊళ్ళో వాళ్ళ దగ్గర అడ్రసు కనుక్కుని, అడుగుతూ అడుగుతూ చేరిందట.

"ఏమన్నాడు మేడం?"

"కుర్చీ ఏసినాడు. టీ తెప్పించినాడు. ఒళ్ళు బాగలేదా అని అడిగినాడు. బస్సు దాకా వచ్చి సీటు పట్టిచ్చినాడు." గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. "అన్నీ చేసినాడు పద్మా. మేడం అన్నాడు. కూర్చో మేడం, తాగు మేడం. పోయొస్తావా మేడం."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నేను తుడవబోతే చెయ్యి పక్కకు తోసింది. "నేను రాసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మళ్ళా ఆ కుర్చీలో కూచుంటే అదే రాస్తానేమో. కానీ ముందు రోజు పోకపోతిని. వాళ్ళు వద్దంటారని భయపడితిని. వాళ్ళు వద్దంటే నేను రాయలేకపోతానని తెల్సు నాకు." అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె పోయిన రోజు చర్చిలో పాతిక మంది కూడా లేరు. మా శాఖ నుంచి నేను, ఇంకో ఇద్దరు యూనిఫాంలో వెళ్ళాం. శ్మశానంలో పెట్టె దించుతున్నప్పుడు నేను గేటు వైపు చూస్తూనే ఉన్నాను. ఓబులేసు వస్తాడని. రాలేదు. కబురు అందిందని తరువాత తెలిసింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ నాకు కొంచెం తేలికగా ఉండేది, అంతే.

ఆ వారమే మూడురాళ్ళ గుట్టకు పోయాను. గుళ్ళు అన్నీ ఉన్నాయి. ఏదో బడి పిల్లలు మాస్టర్లతో వచ్చి కంతల్లోకి తొంగి చూస్తూ అరుచుకుంటున్నారు. వాళ్ళను చూస్తే సంతోషమే కలిగింది. గుట్ట శిఖరం దాటి దక్షిణం వైపు దిగాను. రోడ్డు తెల్లగా, వెడల్పుగా ఉంది. గడ్డి ఉంది కానీ తినేవి లేక మోకాలెత్తు ఎండి పడి ఉంది. అవతలి గుట్ట మీద మరల రెక్కలు హుష్, హుష్ అని గాలిని కోస్తున్నాయి. ఆమె చేసింది ఒప్పో తప్పో తేల్చుకోవాలని పోయినదాన్ని, తేలకుండానే దిగి వచ్చాను. ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడాన్ని మోయడం మాత్రం అలవాటయింది.

ఇప్పుడు నేను ముదిగుబ్బ వైపు సెక్షన్ ఆఫీసరును. ఈ మధ్య ఒక గుట్ట మీద మొక్కలు నాటి, మూడేళ్ళు మేత మాన్పించాలని ప్రతిపాదన వచ్చింది. స్థలం చూసి అభిప్రాయం రాయాల్సింది నేను. నా కింద బీట్ ఆఫీసరుగా ఉన్న అమ్మాయి తెలివైనది. "పంచాయతీ గోడకు నోటీసు అంటిద్దాం మేడం, సరిపోతుంది," అంది. నిన్న ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ ఊరికి పోయాను. ఒక ముసలామె, మందలున్న ఇంటావిడ, నా మాట సగంలోనే అందుకుని నన్నూ నా శాఖనూ నా పుట్టుకనూ ఏకిపారేసింది. కూర్చోమని కూడా అనలేదు. నేను నిలబడే విన్నాను. ఆమె అలసిపోయి కొంగుతో మూతి తుడుచుకున్నాక, కింది వాలు వదిలేసి పైన మాత్రం నాటితే ఎట్లుంటాదని అడిగింది. దానికి ఇంకొకామె అడ్డం వచ్చింది. వాళ్ళలో వాళ్ళకే వాదన మొదలైంది. మగవాళ్ళు సగం మంది మందలతో పోయి ఉన్నారు, వాళ్ళు లేకుండా తేలదన్నారు.

ఆ కాగితం ఇంకా నా బల్ల మీద ఖాళీగానే ఉంది. ఏం రాస్తానో నాకు తెలియదు. ఎవరో ఒకరికి నష్టం జరిగేలాగే రాస్తానేమో. రేపు పొద్దున్నే, మందలు కదలకముందే, మళ్ళీ పోవాలి.